డాబా మీద పచ్చగడ్డి పెంచితె ఇల్లు నిజంగ చల్లబడుతదా? నల్లగొండ ఎండకు సరిపోయే లెక్క

నల్లగొండల మే నెల ఎట్లుంటదో ఇక్కడోళ్లకు కొత్తగ చెప్పేదేం లేదు, 44, 45 డిగ్రీలంటె మనకు వార్తే కాదు. పగలు ఎట్లనో గడుస్తది, కూలర్ పెట్టుకుంటం, కిటికీలకు పరదాలు కడతం, అసలు కష్టమంతా రాత్రిదే. బయట జర గాలి తిరిగినట్టే ఉంటది గని పైఅంతస్తుల పండుకుంటె మొఖం మీద సెగ కొడుతది, ఫ్యాన్ వేస్తె ఆ సెగనే కిందికి తోస్తది. మా ఇంట్ల పిల్లలు చాపలు తీసుకొని మెట్ల కింద పండుకున్న రాత్రులు ఉన్నయి. అందుకే రెండేండ్ల కింద పడకగది మీదున్న స్లాబ్ వరకు పచ్చగడ్డి, ఆకుకూరలు పెంచే ఏర్పాటు చేసినం, మిగిలినదానికి తెల్లరంగు వేసినం, ఒక పక్క తీగల పందిరి వేసినం. అప్పటినుంచి చుట్టాలు, పక్కింటోళ్లు అందరిదీ ఒకటే మాట, "అక్కా, గడ్డి వేస్తె నిజంగనే చల్లగుంటదా, మేం గూడ వేసుకోవచ్చా?" అని. అవునని చెప్తె సగం నిజం, కాదని చెప్తె సగం నిజం, అందుకే మొత్తం రాస్తున్న.

ముందు ఆ రాత్రి సెగ ఎక్కడిదో చూడాలె. 5 అంగుళాల స్లాబ్ అంటె చదరపు మీటరుకు దాదాపు 300 కిలోల బరువు. పొద్దంత ఎండకు కాగి స్లాబ్ సగటున ఒక 15 డిగ్రీలు వేడెక్కిందనుకోండి, 1000 చదరపు అడుగుల స్లాబ్‌ల చేరిన వేడిని కరెంటు లెక్కల చెప్పాలంటె సుమారు 100 యూనిట్లు అయితది. పొయ్యి ఆర్పినంక గూడ పెంక ఎట్ల కాలుతదో ఇదీ అంతే, పొద్దు గూకినంక ఆ వేడి కొంత ఆకాశానికి పోతది, మిగిలింది మన మీదికి దిగుతది. ఏసీ చేసేది అట్ల దిగిన వేడిని బయటికి తోసుడు. దాని కంటె స్లాబ్‌నే కాగనియ్యకపోతె మేలు కదా, గ్రీన్ రూఫ్ (డాబా మీద మట్టి పోసి గడ్డి, మొక్కలు పెంచుడు) అయినా, తెల్లరంగు అయినా, పందిరి అయినా అన్నిటి పని ఇదే. ఇంకో మాట, ఈ లాభం అంతా స్లాబ్ కిందనే ఉన్న అంతస్తుకు మాత్రమే, కింద పోర్షన్‌ల ఉండేటోళ్లకు పెద్దగ ఏం తెలువది.

ఇగ "మన తాతలు మిద్దె మీద అడుగు మందం మట్టి పోయలేదా, మనమెందుకు పోయొద్దు" అనే మాట చానమంది అంటరు. మా అమ్మగారి ఊరు గద్వాల దిక్కు, కృష్ణా తుంగభద్రల నడుమ నడిగడ్డ. అక్కడ పాత ఇండ్లన్నీ మట్టి మిద్దెలే, లావుపాటి రాతిగోడలు, దగ్గర దగ్గరగ దూలాలు, వాటి మీద దంతెలు, ఆ పైన బండలో పుల్లలో పరిచి మట్టి పోసి, అన్నిటికంటె పైన చౌడు మట్టి వేసేటోళ్లు. నడుమ ఒక గవాచి, అందులకెల్లి వెలుతురు. మా అమ్మమ్మోళ్ల ఇంట్ల ఎండకాలం మధ్యాహ్నం చాప లేకుండ నేల మీద పండుకుంటె ఒళ్లంత చల్లగుండేది, ఆ చల్లదనం నాకు ఇప్పటికీ యాదికుంది. అక్కడ పని చేసింది గడ్డి కాదు, మందం. అడుగు మందం మట్టిల నుంచి వేడి దిగనీకి 8, 10 గంటలు పడతది, అది లోపలికి చేరేసరికి రాత్రయితది, అప్పుడు ఇంటోళ్లంత వాకిట్ల మంచాలు వేసుకొని ఉంటరు. మట్టిమిద్దె, ఆరుబయట పడక రెండూ కలిస్తేనే ఆ లెక్క కుదిరింది.

ఆ అడుగు మట్టి చదరపు మీటరుకు 500 కిలోల దాక ఉంటది. దాన్ని మోసింది ఆ రాతిగోడలు, ఆ దూలాలు. మన స్లాబ్ సంగతి వేరే. మన దేశంల ఇంజనీర్లు పాటించే ఐఎస్ 875 కోడ్ ప్రకారం, మనుషులు ఎక్కి తిరిగే డాబాకు స్లాబ్ సొంత బరువు కాక చదరపు మీటరుకు 1.5 కిలోన్యూటన్, అంటె సుమారు 150 కిలోల అదనపు బరువుకు డిజైన్ చేస్తరు, రిపేరుకు తప్ప ఎవరూ ఎక్కని కప్పుకు అందులో సగమే. ఇప్పుడు మన చెల్క ఎర్రమట్టి తెచ్చి 4 అంగుళాలు పోసి తడిపితె ఎంతయితదో తెలుసా, 180 నుంచి 200 కిలోలు. అంటె మొక్క పెట్టకముందే, మనిషి కాలు పెట్టకముందే లెక్క దాటిపోయింది. ఆ పైన వాన కురిసి పైపు మూసుకపోయి ఒక్క అంగుళం నీళ్లు నిలిచినా ఇంకో 25 కిలోలు. లీకేజీ ఆగాలని గతంల ఇటుకముక్కల కాంక్రీట్ వేయించిన ఇండ్లయితె ఆ బరువు ఇప్పటికే స్లాబ్ మీద కూసోనున్నది, అది చానమంది మర్చిపోతరు.

"మేం పైన ఇంకో అంతస్తు వేద్దామని పిల్లర్ల రాడ్లు వదిలిపెట్టినం, మా ఇల్లు ఎంత బరువైనా మోస్తది" అని గూడ అంటరు, ఇది జర ఆలోచించాల్సిన మాట. ఇంకో అంతస్తు బరువు మోసేది పిల్లర్లు, పునాదులు. పైన వేసే స్లాబ్, గోడలు బీముల మీదికెల్లి పిల్లర్లలకు దిగుతయి, ఇప్పుడున్న స్లాబ్ నడిమి భాగం మీద ఆ బరువు పడదు. రేపు అది గది ఫ్లోరయినా కోడ్ లెక్కల చదరపు మీటరుకు 200 కిలోలే. కాబట్టి పిల్లర్లు బలంగున్నయని గది నడుమ మట్టి పోసుడు తప్పు. పైగా నాలుగేండ్లల పైఅంతస్తు కట్టాలనుకునేటోళ్లు ఇప్పుడు గ్రీన్ రూఫ్ వేస్తె అదంత పీకి పారేసుడే, వాళ్లకు నేను వద్దనే చెప్తున్న. మన దిక్కు సగం ఇండ్లు డ్రాయింగ్ లేకుండ మేస్త్రీ అనుభవంతోనే లేచినయి, స్లాబ్‌ల రాడ్ ఎంత దూరం దూరం కట్టిండ్రో ఎవరికీ యాదికుండదు, అట్లాంటప్పుడు స్ట్రక్చరల్ ఇంజనీర్‌ను ఒకసారి పిలిచి చూపిచ్చుకోండి, ఈ ఒక్క ఖర్చు మాత్రం మిగిలిచ్చుకోవద్దు.

బరువు మనమే ఇంట్ల చూసుకునే తరీకా ఒకటుంది. 10 లీటర్ల మట్టిని ఒక చదరపు మీటరు మీద సమంగ పరిస్తె సరిగ్గ ఒక సెంటీమీటరు మందం వస్తది. అందుకని మీరు వాడే మిశ్రమాన్ని అడుగున చిన్న రంధ్రాలున్న 10 లీటర్ల బకెట్‌ల నింపి, మంచిగ నానబెట్టి, నీళ్లు కారిపోయినంక తూకం వేయండి, బకెట్ బరువు తీసేస్తె వచ్చే కిలోలే చదరపు మీటరుకు ఒక్కో సెంటీమీటరు బరువు. 12 కిలోలు వచ్చిందంటె 8 సెంటీమీటర్లకు, అంటె 3 అంగుళాల పైచిలుకుకు, 96 కిలోలు. తడిపినంకనే తూకం వేయాలె, కొబ్బరిపొట్టు ఎండినప్పుడు దూది లెక్క ఉంటది గని నీళ్లు తాగితె దాని సంగతి వేరే. మేమయితె ఎర్రమట్టి ఒక పాలు, కొబ్బరిపొట్టు ఒక పాలు, వర్మీకంపోస్ట్ ఒక పాలు, మిర్యాలగూడ మిల్లుల దిక్కు దొరికే నల్లగ కాలిన ఊక ఒక పాలు కలిపినం, బరువు సగానికి దగ్గరగ తగ్గింది. మందం 3 అంగుళాలే పెట్టినం, గోడ మీదికి, బీము మీదికి వచ్చే అంచులల్ల మాత్రం 6 అంగుళాలు.

ఇప్పుడు అసలు సంగతి, గడ్డి ఎట్ల చల్లబరుస్తది? నీడ ఇస్తది, నిజమే. మట్టి మందం కొంత అడ్డుపడతది, నిజమే. కానీ పెద్ద పని చేసేది నీళ్లు. రంజన్‌ల నీళ్లు ఎందుకు చల్లగయితయో, కూలర్ గాలి ఎందుకు చల్లగుంటదో ఇదీ అందుకే. ఆకులకెల్లి, మట్టికెల్లి ఒక లీటరు నీళ్లు ఆవిరి కావాలంటె సుమారు 0.68 యూనిట్ల వేడిని మింగాలె. మన ఎండకాలంల చదరపు మీటరు మీద రోజుకు 6, 7 యూనిట్ల ఎండ పడతది, అందులో ఒక 3 యూనిట్లు ఆవిరి రూపంల పోవాలంటె నాలుగున్నర లీటర్ల నీళ్లు కావాలె. 1000 చదరపు అడుగుల డాబా మొత్తం వేస్తె రోజుకు 400 లీటర్ల పైన, మనకు అలవాటైన లెక్కల 20 లీటర్ల క్యాన్లు 20. మార్చ్ నుంచి మే దాక 90 రోజులకు 37 వేల లీటర్లు, 5000 లీటర్ల ట్యాంకర్లు ఏడున్నర. బోర్లు అడుగంటే నెలలల్ల ఇది చిన్న సంగతి కాదు. నీళ్లు పోయకపోతె ఏమయితది? గడ్డి ఎండుతది, ఎండినంక అది ఉత్త పొడిమట్టి కప్పు, కొంచెం అడ్డుపడతది తప్ప చల్లబర్చదు. మన గాలి పొడిగ ఉంటది కాబట్టి కూలర్ ఎంత బాగ పని చేస్తదో తడి ఉన్న గ్రీన్ రూఫ్ అంత బాగ పని చేస్తది, తడి లేదంటె ఆ బలం పోయినట్టే.

అదే తెల్లరంగు సంగతి చూడండి. మాసిన స్లాబ్ మీద పడ్డ ఎండల పావు వంతో, 30 శాతమో తిరిగి పోతది, మిగిలింది స్లాబ్ మింగుతది. మంచి కూల్ రూఫ్ పెయింట్ కొత్తల 75, 80 శాతం తిప్పి పంపుతది. అంటె చుక్క నీళ్లు లేకుండనే చదరపు మీటరుకు 3 యూనిట్ల వేడి తప్పింది, గడ్డి నాలుగున్నర లీటర్లు తాగి చేసిన పని అది! ఈ లెక్క వేసుకున్న రోజే నేను డాబా మొత్తం గడ్డి వేయాలన్న ఆలోచన మానుకున్న. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌ల తెచ్చిన కూల్ రూఫ్ పాలసీ గూడ 2028 దాక ఈ దిక్కే నడవాలన్నది, 600 గజాలు, అంతకంటె పెద్ద జాగల కట్టే ఇండ్లకు కూల్ రూఫ్ తప్పనిసరి అన్నది, చిన్న ఇండ్లకు ఇష్టమున్నోళ్లు చేసుకోవచ్చు. రంగుకున్న లోపం దుమ్ము, మన రోడ్ల దుమ్ము పడి ఒక్క ఏడాదికే తెలుపు మాసిపోతది, ఉగాదికి ముందు ఒకసారి కడిగితె మళ్ల పని చేస్తది. ఉత్త సున్నం వేసినా మంచిదే, కాకపోతె వానకు కొట్టుకపోతది, ఏటా వేసుకోవాలె.

మరి గ్రీన్ రూఫ్ ఎందుకు వేసుకున్న అంటె, రంగు చెయ్యలేనివి అది చేస్తది. స్లాబ్ పగలు సాగి రాత్రి ముడుచుకునే బాధ తప్పుతది, అందుకే పగుళ్లు తక్కువయితయి. మంచి ఎండల ఉత్త కాంక్రీట్ మీద కాలు పెట్టలేం, అదే సమయంల తడి గడ్డి కప్పు మీద 20 డిగ్రీల దాక తక్కువుంటది. దుమ్ము పడ్డా దాని పని ఆగదు. వానాకాలంల కొంత నీళ్లు పట్టి నిలుపుకుంటది. ఆకుకూర చేతికొస్తది. మా పడకగది కొలత 200 చదరపు అడుగులు, దానికి రోజుకు 80, 90 లీటర్లు చాలు, అన్ని నీళ్లు మా ఇంట్ల స్నానాలవే వెళ్తయి. అంత చిన్నగ వేసుకున్నం కాబట్టే నిలబడ్డది.

వేసే పద్ధతిల ఒక్క దాని మీద ఎక్కువ చెప్తా, నీళ్లు దిగకుండ చేసుడు. మొక్కలు వేసినంక లీకయితె వెతుక్కుంట మొత్తం తవ్వాలె, అందుకని ముందే పరీక్ష చేయాలె. స్లాబ్ పోసినంక క్యూరింగ్‌కు మడులు కట్టి నీళ్లు నింపుతరు కదా, వాటర్‌ప్రూఫింగ్ పూత ఆరినంక అట్లనే మడులు కట్టి రెండు మూడు రోజులు నీళ్లు నిలబెట్టి కింద గదిల సీలింగ్‌కు ఎక్కడన్న చెమ్మ వస్తదా చూడాలె. పూత పిట్టగోడ మీదికి గూడ ఒక అడుగు ఎక్కించాలె, చానసార్లు లీకయ్యేది స్లాబ్, గోడ కలిసే మూలలనే. ఆ పైన వేర్లు గుచ్చుకోకుండ మందపాటి ప్లాస్టిక్ షీట్, దాని మీద నీళ్లు పారనీకి గుబ్బలు గుబ్బలుగ ఉండే డ్రైన్ షీట్, మట్టి జారకుండ ఫెల్ట్ గుడ్డ, అప్పుడు మట్టి. నీళ్లు పోయే పైపు దగ్గర చుట్టూ ఒక అడుగు దూరం మట్టి వేయకుండ కంకర పోసి పైన జాలి పెట్టాలె. మేం మొదటి ఏడు జాలి పెట్టలేదు, ఆగస్టుల ఒక రాత్రి గట్టిగ కురిసిన వానకు కొబ్బరిపీచు పోయి పైపుకు అడ్డంపడ్డది, పొద్దున చూస్తె డాబా చెరువు లెక్క నిండింది, ఫ్యాన్ కొక్కెం దగ్గర ఇప్పటికీ ఒక మరక ఉన్నది.

మొక్కల విషయానికొస్తె, వీడియోలల్ల చూపిచ్చేది సీడమ్ అనే బయటి దేశాల మొక్క, చలి దేశాల డాబాల మీద బాగ బతుకుతది, మా దగ్గర మే రెండో వారానికే ఉడికిపోయింది. మన గంగవాయిలి కూర ఉన్నది చూడండి, చెలకల్ల ఎవరూ వేయకున్నా మొలిచేది, అది ఎంత తెలివైన మొక్కనో! నీళ్లున్నప్పుడు మామూలుగ పెరుగుతది, నీళ్లు కరువయితె పగలు ఆకుల రంధ్రాలు మూసుకొని రాత్రి పూట గాలి పీల్చుకునే పద్ధతికి మారుతది, అందుకే చావది. కాకపోతె అట్ల మూసుకున్న రోజులల్ల ఆవిరి పోదు కాబట్టి చల్లదనం గూడ తగ్గుతది, బతికే మొక్క వేరు, చల్లబరిచే మొక్క వేరు, రెండూ కలిపి వేసుకోవాలె. మేం నడుమ గరిక, గంగవాయిలి, నాచుపూలు వేసినం, అంచుల 6 అంగుళాల దగ్గర నిమ్మగడ్డి, కందగడ్డ తీగ వేసినం. కందగడ్డ ఆకు నేలను కప్పినంత బాగ ఇంకేదీ కప్పలేదు. రావి, మర్రి, వేప పిలకలు పిట్టలు తెచ్చి వేస్తయి, వారానికొకసారి చూసి వేలంత ఉన్నప్పుడే పీకెయ్యాలె, రావి వేరు స్లాబ్‌ల దూరితె తీసుడు మన చేతుల ఉండదు.

నీళ్ల రకం గురించి ఎవరూ చెప్పని ముచ్చట ఒకటి. ఫ్లోరైడ్ భయంతోని మన జిల్లాల ఇంటింటికీ ఆర్వో మిషన్లు వచ్చినయి, అందులకెల్లి వదిలేసే నీళ్లు మస్తుగుంటయి, అవే మొక్కలకు పోద్దామని అందరికీ అనిపిస్తది. ఆ నీళ్లల్ల ఉప్పులు చిక్కబడి ఉంటయి. బట్టల సబ్బునీళ్లల్ల సోడియం ఉంటది. ఈ సోడియం బంకమట్టిల చేరితె మట్టి రేణువులు విడిపోయి సందులన్నీ పూడుకపోతయి, నీళ్లు దిగవు, అంటె చౌడు అయితది. అమ్మమ్మోళ్ల మిద్దె కురవకపోవుడుకు కారణమే అది, నీళ్లు దిగనియ్యని గుణం కోసమే చౌడు మట్టిని ఏరి తెచ్చుకునేటోళ్లు. వాళ్లకు వరమైన ఆ గుణం నా మూడంగుళాల మట్టికి శాపం, నీళ్లు దిగకపోతె వేర్లు కుళ్లుతయి. అందుకని ఆర్వో వదిలేసే నీళ్లు బాత్రూం కడగనీకి వాడుకోండి, మొక్కలకు నల్లా నీళ్లు, ఏసీ నుంచి కారే నీళ్లు, సబ్బు తక్కువున్న స్నానపు నీళ్లు పోయండి. మట్టి మీద తెల్లటి పొర తేలుతున్నదంటె జర జిప్సం చల్లి మంచినీళ్లతో రెండుసార్లు నిండుగ తడపాలె, రైతులు చౌడు భూములు బాగుచేసేది ఇట్లనే.

రేకుల ఇండ్లల్ల ఉండేటోళ్లు ఇదంత చదివి ఏం లాభం అనుకోవద్దు, మీకే అన్నిటికంటె ఎక్కువ కాలుతది. రేకు మీద మట్టి పోసే మాటే లేదు, రేకు మోయది. నేల మీదనే ఇంటికి పడమర దిక్కు గుంత తీసి దొండ, సొర, బీర పెట్టి, గుంజలు నేలల పాతి రేకు తగలకుండ ఒక అడుగు, అడుగున్నర పైన వైర్లు కట్టి తీగ పాకించండి. నడుమ గాలి తిరగాలె, అదే ముఖ్యం. గుంజల బరువు రేకు మీద పెట్టొద్దు. స్లాబ్ ఇండ్లకు గూడ నా లెక్కల గ్రీన్ రూఫ్ కంటె ఈ పందిరే మొదటి దారి, ఎందుకంటె డాబా మీద తీగ పెట్టిన తొట్టి బరువు బీము మీద ఒక్క చోట పడతది, నీడ మాత్రం గదంత పరుచుకుంటది, వాటర్‌ప్రూఫింగ్ బాధ లేదు, తొట్టికి ఎన్ని నీళ్లో అన్నే. ఖాళీ పెయింట్ బకెట్ 20 లీటర్లది తడిమట్టితో నిండితె 30 కిలోల పైన ఉంటది, అందుకని వాటిని గది నడుమ గుంపుగ పెట్టొద్దు, పిట్టగోడ వెంబడి పెట్టుకోండి. సొర, బీర జనవరి చివరనే విత్తితె ఏప్రిల్‌కు అల్లుకుంటయి, ఎండలొచ్చినంక విత్తితె మొలక మాడుతది. దొండ, రాధామనోహరం ఒక్కసారి పట్టుకున్నయంటె ఏండ్లకేండ్లు ఉంటయి.

మా అమ్మ మొన్న వచ్చినప్పుడు డాబా ఎక్కి గరిక మీద కాలు పెట్టి చూసి, "మీది ఏడాదికి ఎన్నిసార్లు బాగుచేసుకోవాలె?" అని అడిగింది. వాళ్లు ఏటా మృగశిర కార్తెకు ముందు మిద్దె ఎక్కి, బీటలు చూసుకొని, కొత్త చౌడు ఒక పొర చల్లి తొక్కేటోళ్లంట, ఆ ఒక్క పని మానితె ఇల్లు కురిసేదంట. రోహిణి కార్తెల రోళ్లు పగులుతయంటరు కదా, ఆ ఎండలకు మిద్దె గూడ బీటలు ఇచ్చేదంట. మాది గూడ అదే వారంల పెట్టుకున్నం ఈ ఏడు, జాలి తీసి కడిగినం, కంకర ఏరి మళ్ల పోసినం, పిట్టలు వేసిన రావి పిలకలు మూడు దొరికినయి, ఎండిన జాగల గంగవాయిలి కొమ్మలు తుంచి గుచ్చినం.